రత్నాలు గారి అర పాయింటు

రత్నాలు గారికి యాభై ఆరేళ్లు. ఈ యాభై ఆరేళ్లలో ఆవిడ దేనికీ, ఎవరికీ నూటికి నూరు వెయ్యలేదు.

ఆవిడ పనే అలాంటిది. అరకులో మా కాఫీ రైతుల సంఘంలో గింజలకు గ్రేడు వేస్తారు. పళ్లెంలో గింజలు పోసుకుని పురుగు కొట్టినదాన్నీ, విరిగినదాన్నీ, నల్లబడ్డదాన్నీ ఏరి, దేనికెంతో అంత కోసేస్తారు. ఆ కోత గోదాములోనే ఆగిపోయుంటే నేనిప్పుడు ఆవిడ గురించి రాయాల్సి వచ్చేది కాదు. ఆగలేదు.

మా అటెండరు మంగ్లు ఒక ఆదివారం ఆవిణ్ణి ప్రార్థనకి పిలిచాడు. ఆవిడ వెళ్లి, చివరిదాకా కూర్చుని, గుమ్మం దగ్గర పాస్టరు గారితో, "ఎనభై ఒకటి బాబూ. ఆమెన్లు నాలుగు ఎక్కువైపోనాయి," అనేసి వచ్చారు. నా పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి, "నువ్వు తొంభై రెండు తల్లీ," అని మా జయశ్రీకి చెప్పారు. "మరి నేనండీ?" అన్నాను ఉత్సాహంగా. "బోయినాలయ్యాక సెప్తాన్లే," అన్నారు. పెళ్లయి ఆరేళ్లు. ఇంకా చెప్పలేదు.

అలాంటి మనిషిని ఏరి కోరి నా టోర్నమెంటుకి స్కోరరుగా పెట్టుకున్నాను. పక్షపాతం ఉండదనుకున్నాను. ఆ రోజు నేనెన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు.

మాది బల్లమీది యుద్ధం. మంచమంత బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, థర్మకోలు కొండలు, నీలం కాగితం నది. బొటనవేలంత సైనికులు. ఎవరెంత దూరం నడవాలో టేపుతో కొలుస్తాం, ఎవరు చావాలో పాచికలు చెబుతాయి. విశాఖలో చదువుకునేటప్పుడు నేర్చుకుని, ఇక్కడ వానాకాలంలో పనుల్లేని కుర్ర రైతులకి నేర్పాను. వాళ్లు బొమ్మలు కొనలేదు, కర్రతో చెక్కేశారు.

వాళ్లలో ఘనులు గాసి, భీముడు. అరకు పైన కొండ ఊళ్లో వాళ్ల కాఫీ తోటలు పక్కపక్కనే, మధ్య ఒక్క గట్టు. గాసి చెల్లెలు బేబినే భీముడు చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి నలభైమంది సైనికుల్ని చెక్కి, ఒకే ఎర్రరంగు వేశారు. గాసి నాటిన మిరియాల తీగ నాలుగేళ్ల కిందట గట్టు దాటి భీముడి చెట్టెక్కింది. కాయలు తీగ నాటినవాడివా, చెట్టు ఉన్నవాడివా అని మాట పెరిగి, అసలు మాటలే ఆగిపోయాయి. సైన్యాన్ని ఇరవై, ఇరవైగా పంచుకున్నారు. మధ్యలో బేబికి గట్టవతల ఉన్న పుట్టిల్లు దూరమైపోయింది.

టోర్నమెంటుకి ముందు ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేశారు. "ఆడితో ఆడమంటే మాత్రం నాను రాను సారూ." ఒకటే ముక్క, ఒకటే గొంతు. అలాగేనని ఇద్దరికీ మాటిచ్చి, రత్నాలు గారికి చెప్పాను.

"నాకొగ్గీ బాబూ, నాను సూసుకుంతాను," అన్నారావిడ.

పదహారుమంది వచ్చారు. మూడు ఆటలు. గెలిస్తే మూడు పాయింట్లు, ఓడితే సున్నా. ఇవి కాక నడవడికి అందరికీ ముందే ఐదు పాయింట్లిస్తాం. తప్పు చేస్తే రత్నాలు గారు కోస్తారు. ఒక్కో ఆట అయ్యాక సమానమైన పాయింట్లున్నవాళ్లు ఒకరితో ఒకరు ఆడాలి. ఈ నియమాలు రాసింది నేనే. నన్నే అనాలి.

మొదటి ఆట మొదలైన పది నిమిషాలకే మైకులో ఆవిడ గొంతు మోగింది. "రెండో బల్ల. దగ్గీసినాడు. అర పాయింటు కోత."

దగ్గినవాడు విశాఖ నుంచి ఖరీదైన ప్లాస్టిక్ సైన్యంతో వచ్చిన బుజ్జిబాబు. నియమాల పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఇందులో ఎక్కడుంది మేడమ్, దగ్గకూడదని?"

"పుస్తకం నా మొగం మీదికి ఊపుతున్నావు. ఇంకో అర."

బుజ్జిబాబు నావైపు చూశాడు. నేను థర్మకోలు కొండవైపు చూశాను.

కురుపాం నుంచి వచ్చిన హేమలత వరసగా గెలుస్తోంది. గెలుస్తానని ముందే తెలిసినట్టు మొహం పెట్టిందని ఆ పిల్లకి అర పోయింది. గాసికి చెప్పులు టపటపలాడించినందుకు అర. ఇక భీముడి కోతకి అంతే లేదు. పాచికలు ఊదినందుకు అర. నదిలో టీ గ్లాసు పెట్టినందుకు ఒకటి. ఆవులించినందుకు అర. మొదటి ఆట గెలిచి నవ్వినందుకు ఒకటి. రెండో ఆట గెలిచి నవ్వనందుకు అర!

"నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పేనా అండీ?" అన్నాను ఉండబట్టలేక.

"ఎదుటోడు ఏడుస్తుంటే నవ్వకూడదు. నవ్వుతుంటే నవ్వాల. ఆమాత్రం తెలీదేటి?"

రెండు ఆటలూ అయ్యాయి. ఆవిడ జతలు చదువుతున్నారు. "నాలుగో బల్ల. ఏడున్నర, ఏడున్నర. గాసి, భీముడు."

రెండూ గెలిచిన భీముడూ, ఒకటే గెలిచిన గాసీ సమానమా! కాగితం లాక్కుని అంకెలు కూడాను. మళ్లీ కూడాను. ఏడున్నర దగ్గర సరిగ్గా వాళ్లిద్దరే ఉన్నారు. టీ పళ్లెంతో లోపలికొస్తున్న బేబి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

గాసి పెట్టె చంకన పెట్టుకుని తలుపువైపు నడిచాడు.

"మజ్జిలో ఎల్లిపోతే నడవడి సున్నా!" అంది మైకు. "ఊళ్లో ఏటని సెప్పుకుంతావు గాసీ?"

గాసి ఆగాడు. చెప్పులు చప్పుడవకుండా వెనక్కొచ్చి కూర్చున్నాడు.

నేను రత్నాలు గారి మీదికి వెళ్లాను. "నాకొగ్గీ అన్నారు కదండీ!"

"ఒగ్గీమన్నాను. ఆళ్లని కలపనన్నానేటి?" ఆవిడ మైకు ఆపి, గొంతు తగ్గించారు. "బేబి నా కాడే గింజలేరతాది. అమ్మ కాడికెళ్లినావేటే అనడిగితే నాలుగేళ్ల బట్టీ ఒకటే మాట, వొచ్చే వారమెల్తానని. ఎన్ని వారాలు బాబూ? ఆ గుంట మొగం సూడలేకపోతన్నాను."

"అందుకని పదహారుమంది నడవడీ కోసేశారా?"

"ఆ పద్నాలుగుమందికీ ఊరికే కోసినాను. ఒక్కడికే కోస్తే నీకు అనుమానం రాదేటి?"

చేతిలోని కాగితం మడిచి ఆవిడకే ఇచ్చేశాను.

నాలుగో బల్ల దగ్గర మాత్రం మాటలన్నీ నాతోనే. "సారూ, ఆడికి సెప్పండి, గుర్రం ఆరంగుళాలే నడుస్తాది." "సారూ, టేపు తిన్నగా పట్టమనండి." ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. మాటల్ని నేను అటూ ఇటూ మోస్తున్నాను.

అంతలో రెండు సైన్యాలూ కలబడ్డాయి. ఎర్రసైనికుల్లోకి ఎర్రసైనికులు దూరిపోయారు. పాచికలు భీముడివాళ్లు ముగ్గురు చావాలన్నాయి. ఏ ముగ్గురు? నాకేం తెలుసు? రత్నాలు గారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, చేతులెత్తేశారు.

గాసి ఒక బొమ్మని లాక్కున్నాడు. "ఇది నాది. దీన్ని సంపడానికి లేదు."

"సారూ, ముక్కు సూడండి," అన్నాడు భీముడు. "వంకర ముక్కు. ఆడికి సెక్కడం రాదని అప్పుడే సెప్పినాను."

"వంకరేటి బావా! అది మా అమ్మ ముక్కు! అమ్మని సూసే సెక్కినాను!"

నోరు జారి, నాలుగేళ్లకి బావా అనేశాడు. భీముడు బొమ్మని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు వాళ్లత్తదే.

"మరి ఈడి సెవేదీ?" అన్నాడు ఇంకో బొమ్మ ఎత్తి. ఈసారి నాతో కాదు.

"నీ కత్తి జారి తెగిపోయింది."

"నా యేలూ తెగింది."

"కట్టు కట్టింది నానే కదేటి."

ఇంకెవరూ నన్ను సారూ అని పిలవలేదు. బొమ్మలన్నీ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఎవరిదెవరిదో తేల్చుకునే పనిలో పడ్డారు. బల్లమీద యుద్ధం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

సాయంత్రం అయిదింటికి మిగతా ఆటలు అయిపోయాయి. రత్నాలు గారు మైకందుకుని, "నడవడి. అందరికీ ఐదుకి ఐదు," అన్నారు. అటెండరు మంగ్లు చేతిలోంచి టీ కెటిల్ జారిపోయింది. బుజ్జిబాబు రెండు చెవులూ రుద్దుకున్నాడు. మూడూ గెలిచిన హేమలతకి కప్పిచ్చాం. నాలుగో బల్ల ఫలితం మాత్రం రాలేదు.

బల్లలు అద్దెకిచ్చిన షామియానా పైడయ్య వ్యాను తెచ్చి, అన్నీ మడిచి ఎక్కించుకుని, చివరికి నాలుగోదాని దగ్గరికొచ్చాడు. "ఇంక లెగండి బాబూ, బేగి ఇచ్చీయండి."

"ఇంకో అరగంటాగన్నా," అంది బేబి. కుర్చీ లాక్కుని అన్నకీ మొగుడికీ మధ్య కూర్చుంది. "ఎవులు గెలుత్తన్నారు?"

"నానే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.