పల్లకీ అద్దానికి నేను చేసిన వైద్యం

ముసలితనంలో అక్షరాలు వచ్చినవాళ్లు ముందు దేవుడి పేరు రాస్తారు. నేను మాత్రం మా ఇంటి పరువు పల్లకీ ఎక్కి ఊరేగిన కథ రాస్తున్నాను. నవ్వితే పొలమారుతుంది, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

మా ఆయన పల్లకీలు బాగుచేసేవాడు. కొయ్య అతకడం, రంగు వేయడం, అద్దాలు బిగించడం ఆయన పని. ఒకసారి దివాణం పల్లకీ వచ్చింది. మర్నాడు జమీందారుగారి తల్లి అందులో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లాలి. పని నచ్చిందా, దివాణం పల్లకీలన్నీ మాకే. నచ్చలేదా, మా పొయ్యిలోంచి పిల్లి లేవదు.

"లక్క కోసం కొత్తపేట ఎల్లొస్తాను. అద్దం జోలికెళ్లకే!" అన్నాడు మా ఆయన.

"ఆయ్, ఎల్లను మావా!"

ఆయన మలుపు తిరగకముందే ఇటుకపొడీ కొబ్బరిపీచూ తెచ్చి అద్దాన్ని ఇత్తడి బిందెలా తోమాను. బిందె అయితే సొట్టపడి ఊరుకుంటుంది. అద్దానికి అంత ఓర్పు ఏదీ? ఫెళ్లుమంది.

కొత్తది బందరు నుంచి పడవలో రావాలి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆత్రేయపురం ఆడపడుచుకి ఆ మట్టూ లేదు. పుట్టింటి విద్య గుర్తొచ్చింది. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దానిమీద పరిచి తీశాను. ఉల్లిపొరలాంటి పూతరేకు! రేకు మీద రేకు పేర్చి గంజితో చట్రానికి అతికించాను.

"అద్దం మసగ్గా ఉందేంటే?" అన్నాడు కొత్తపేట నుంచి వచ్చిన మా ఆయన.

"మంచు పట్టింది మావా."

"ఎండాకాలంలోనా?"

"దొరల సరుకు. దాని చలి దానిది!"

మర్నాడు సాయంత్రం పల్లకీ తిరిగొచ్చింది. కిటికీలో అద్దం లేదు, మా ఆయన మొహంలో నెత్తురు లేదు.

"తిరుగుదారి పొడుగునా లోపల పరపర సప్పుడండీ," అన్నాడు బోయీల పెద్ద. "ఎలక దూరిందనుకున్నామండీ."

పల్లకీలోంచి అమ్మగారు తల బయటపెట్టారు. "ఈ కిటికీ చేసిందెవరే?"

"నేనేనండీ. తప్పయిపోయిందండీ!"

"దర్శనమయ్యేదాకా ఉపవాసం ఉన్నాను. తిరుగుదారిలో ఒకటే ఆకలి. కిటికీ మీద చెయ్యేస్తే చెమటకి వేలికంటుకుంది. నోట్లో పెట్టుకున్నాను. పన్ను లేనిదాన్ని, ఇంక ఆగుతానా? ఊరొచ్చేసరికి కిటికీ అయిపోయింది."

"క్షమించండమ్మగారూ!"

"ఎలా క్షమించనే? బెల్లమేదీ? నెయ్యేదీ? మిగతా పల్లకీలూ పంపిస్తాను. అద్దాలు మీ ఆయన్ని బిగించమను. రేకులు నువ్వు పళ్లెంలో పెట్టు!"

ఆ రోజే వెంకన్న మీద ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో పల్లకీకి పూతరేకు బిగించను. ఒకవేళ బిగించినా, నెయ్యీ బెల్లమూ వేయకుండా బిగించను.