పన్నెండో గురుతు

మిల్టన్ కీన్స్‌లోని మా ఫ్లాట్‌లో ఆ ఉన్ని స్వెట్టర్‌ను ఉతికి హీటర్ మీద ఆరేసినప్పుడల్లా, ఇప్పటికీ సన్నగా పొగ వాసన వస్తుంది. కాలమ్ గారి పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే నల్లమట్టి గడ్డల వాసన అది. పడవలో నేను చలికి వణికిపోతుంటే ఆయనే తన ఒంటి మీద నుంచి తీసి నాకు తొడిగిన స్వెట్టర్.

2014 వేసవిలో సెల్ టవర్ నిలబెట్టే పని మీద స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఒక చిన్న దీవికి వెళ్లాను. ముప్పై ఇళ్ల ఊరు. ఇళ్లలో మాట్లాడుకునేది గేలిక్ అనే తమ పాత భాష. ఎనభై దాటిన జాలరి కాలమ్ గారింట్లో నా బస. మొదటిరోజే "ఎవరి అబ్బాయివి?" అని అడిగారు. నంద్యాలలోని మా నాన్న పేరు, తాత పేరు చెప్పాక గానీ టీ పోయలేదు. మా టవర్ మాత్రం ఆయనకు నచ్చలేదు. "గుట్టకి మేకు కొట్టారు" అని సణిగేవారు.

ఊరి చరిత్ర సంఘం అప్పుడు చుట్టూ ఉన్న సముద్రంలో చేపలు పట్టే చోట్లతో ఒక పటం గీయిస్తోంది. ఆ పన్నెండు చోట్లూ తెలిసినవారు కాలమ్ గారొక్కరే. కళ్లు మసకబారడంతో, ఆ వారం శనివారం తర్వాత ఇక పడవెక్కవద్దని డాక్టర్ చెప్పేశారు. నేను సాయం చేస్తానన్నాను. ఆ చోట్లకు గురుతులుగా ఆయన చెప్పిన ఒడ్డు మీది రాళ్లూ గోడలూ అన్నీ తిరిగి, జీపీఎస్‌తో కొలిచి, వరస నంబర్లు వేసి పట్టిక చదివి వినిపించాను. ఆయన పగలబడి నవ్వారు.

"ఒడ్డున రాళ్లు లెక్కపెట్టుకొచ్చావా అబ్బాయ్? చేపలు గట్టెక్కి నీకోసం కూర్చుంటాయా?"

గురుతంటే ఒక వస్తువు కాదట, రెండు. సముద్రంలోంచి చూస్తే ఒకటి సరిగ్గా మరొకదాని మీదికి రావాలి. ఆ గీత మీద నీటి లోతు కూడా కుదిరితే అదీ చోటు.

శనివారం బయల్దేరాం. అంత చిన్న పడవ నేనెక్కడం అదే మొదటిసారి. కళ్లు నావి, జ్ఞాపకం ఆయనది. "చిమ్నీ వచ్చేసింది! నల్లరాయి మీదికొచ్చింది!" అని నేను అరవడం, ఆయన ఇంజిన్ తగ్గించడం. పదకొండు చోట్లు దొరికాయి. పన్నెండోదానికి, తెల్లరాయి మీదికి వాళ్లమ్మ పుట్టిన ఇంటి గోడ రావాలి.

"గోడ కనిపిస్తోందా?"

"లేదండీ."

"నీవీ నాలాంటి కళ్లేనా ఏంటి? సరిగ్గా చూడు."

అప్పుడు తట్టింది. పట్టికలో పన్నెండో వరసలో 'రాళ్లకుప్ప' అని నేనే రాశాను. కొలతలు చదివానే గానీ ఆ మాట చదవలేదు.

"గోడ పడిపోయింది కాలమ్ గారూ."

ఆయన సీసం గుండు కట్టిన తాడును నీళ్లలోకి వదిలారు. పడవను కొద్దికొద్దిగా జరుపుతూ మూడుసార్లు లోతు చూశారు. నాలుగోసారి గుండు అడుగున తగిలిన తీరుకే ఆయన మొహం వెలిగింది.

"ఇదే! ఇక్కడ ఇసుక అయిపోయి రాయి మొదలవుతుంది. చూడు, తెల్లరాయి మీద ఇప్పుడేముంది?"

చూశాను. పడవలో ఉన్నానన్నది మరిచిపోయి లేచి నిలబడ్డాను.

"మా టవరండీ! సరిగ్గా మా టవరే!"

"కూర్చో, ముంచేస్తావు! రాసుకో. తెల్లరాయి మీద రఘు మేకు."

గాలం వేశాం. రెండు నిమిషాల్లో తాడు నా చేతుల్ని లాక్కుపోయింది.

కాలమ్ గారు ఇప్పుడు లేరు. పటం ఆ ఊరి హాల్లో ఉంది, పన్నెండో గీత చివర నా పేరుతో. ఇప్పుడు ఏ సైట్‌కి వెళ్లినా ముందు పరికరాలు బయటికి తీయను. అక్కడివాళ్లను అడుగుతాను: "మీరు దీన్ని ఎక్కణ్నుంచి చూస్తారు?"