సగం అద్దె గది

మేడ మీది మూడు గదులూ చదువుకునే పిల్లలకు అద్దెకిచ్చే ఆ ఇంటావిడకు వేసవంటేనే నీరసం. పరీక్షలవగానే పిల్లలు ఊళ్లకు బయల్దేరుతూ, "సగం అద్దె ఇస్తాం ఆంటీ, గది మాకే ఉంచండి" అని బతిమాలతారు. "సగం అద్దెకి సగం గోడలే ఉంటాయి" అని విసుక్కుంటూనే ఆవిడ సరేనంటుంది. ఆపైన రోజూ పొద్దున్నే మోకాళ్లు పట్టుకుని మేడెక్కి, ఖాళీ గదుల కిటికీలు తెరిచి, దుమ్ము దులిపి, మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగుతుంది.

ఈ ఏడు నీళ్ల మోటారు కాలిపోయింది. బాగుచేయించడానికి చేతిలో డబ్బు లేదు. సరిగ్గా అప్పుడే, రెండు నెలల శిక్షణకొచ్చిన నర్సు ఒకామె పూర్తి అద్దె ముందే ఇస్తానంది. ఇంటావిడ చివరి గది తెరిచి, ఊరెళ్లిన అమ్మాయి పుస్తకాలు సంచిలో సర్దసాగింది. సగం సంచి నిండేసరికి ఆపేసి మంచం మీద కూర్చుంది.

"సాయం పట్టనా పిన్నిగారూ?" అంది నర్సు.

"వద్దమ్మా. ఈ గదిలో మనిషి ఉంది."

"ఎవరూ లేరుగా?"

"వస్తానని చెప్పి వెళ్లింది."

నర్సు వెళ్లిపోయాక ఆవిడ, అమ్మాయికి అనుమానం రాకుండా ఏది ఎక్కడుండేదో గుర్తుచేసుకుంటూ, పుస్తకాలు ఒక్కొక్కటే అరలో పేర్చింది.