పాతది ముందు

మా అక్కకి కుదురు లేదు. అన్నం తింటూ మధ్యలో లేచి పొయ్యి ఆపిందో లేదో చూసొస్తుంది. పెళ్ళయితే కుదురొస్తుందన్నారు, బావకున్న కుదురు కూడా పోయింది.

ఆవిడ ఉద్యోగం ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో. ఆ ఏడాది డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చారు. పాత క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, కొత్తదాంట్లో నడిచేలా సరిచేసే పని అక్క నెత్తిన పడింది. రెండింటి జవాబులూ పక్కపక్కన పెట్టి చూసింది. లెక్కలన్నీ సరిపోయాయి. మేనేజరు శభాష్ అన్నాడు. అక్క మాత్రం ఇంట్లో పచార్లు మొదలుపెట్టింది.

“ఇంత సాఫీగా అయిందంటే ఏదో వదిలేశాన్రా.”

“పని చెడినా ఏడుస్తావు, కుదిరినా ఏడుస్తావు. నీతో వేగలేం,” అన్నాను.

నా గొడవ నాది. సూదంటే నాకు చచ్చే భయం. నాది అరుదైన గ్రూపని అక్క చెవినిల్లు కట్టుకుని పోరితే, కళ్ళు మూసుకుని ఆ ఆసుపత్రిలోనే రక్తమిచ్చాను. ఇక కనబడినప్పుడల్లా అడిగేవాణ్ణి, నా రక్తం ఎవరికెక్కించారని. ఆ గ్రూపువాళ్ళెవరూ ఇంకా రాలేదనేది.

చివరికి అక్క ఉండబట్టలేక, తన క్వెరీలు ఎలా నడుస్తున్నాయో చూద్దామని రక్తనిధికి వెళ్ళింది. అక్కడి టెక్నీషియన్ మామూలుగానే అన్నాడు: “ఈమధ్య స్క్రీను కొత్త ప్యాకెట్లే ముందు తీయమంటోంది మేడమ్. పద్ధతి మార్చారనుకున్నాం.”

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదట. గడువు దగ్గరపడ్డ ప్యాకెట్ ముందు వాడాలి. పాత వెర్షన్ ఎవరూ అడక్కపోయినా ఆ వరుసలోనే చూపించేది. కొత్తది, అడగని వరుస నాకెందుకన్నట్టు, తోచినట్టు, కొత్తవి ముందు చూపిస్తోంది. అక్క ఎన్ని ప్యాకెట్లున్నాయో సరిచూసింది గానీ ఏది ముందో చూడలేదు. పరుగెత్తుకెళ్ళి, పాతది ముందు చూపించమని క్వెరీలో ఒక్క లైను చేర్చింది. ఫ్రిజ్ మొత్తం వెతికించింది. అన్నీ దక్కాయి, ఒక్కటి తప్ప. ఆ ప్యాకెట్ గ్రూపు మనిషి అంతకు ముందు వారమే వచ్చాడు. అతనికి వేరెవరిదో కొత్త ప్యాకెట్ ఎక్కించారు. పాతదానికి గడువు దాటిపోయింది.

వెంటనే నాకు ఫోన్ చేసింది.

“నీది పారేశార్రా. తప్పు నాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికో ఎక్కించామని ఒక్క అబద్ధమాడితే నాకు జన్మలో తెలిసేది కాదు. ఆ మాటే అన్నాను. అక్క ఏడ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లన్నీ అయ్యాక, మళ్ళీ ఎప్పుడివ్వచ్చో కనుక్కుని చెప్పమన్నాను.