మాట రాని హాంకాంగ్ టీవీ

రంగుల టీవీ ఇంట్లోకొస్తే మనిషి జానెడు ఎత్తు పెరిగిపోయే రోజులవి. నేనూ పెరిగాను. ఓడలో పనిచేసే మా తమ్ముడు హాంకాంగ్ నుంచి ఒకటి మోసుకొచ్చి, రామచంద్రపురంలో మా ఇంట్లో పెట్టాడు. గోడ అవతల ఇల్లు మా తోటికోడలిది. కాలవ రేవులో బట్టలుతికే బండ ఎవరిదన్న గొడవ మీద మా ఇద్దరికీ అప్పటికి మాటల్లేవు. ఆవిడకున్నది బ్లాక్ అండ్ వైట్. అందుకని ఆదివారం సినిమాకి వీధివీధంతా పిలిచాను, ఆవిణ్ణి తప్ప.

బొమ్మ బంగారంలా వచ్చింది. మాట రాలేదు. హీరోయిన్ నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఏడుస్తుంది, ఎందుకో తెలీదు. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. రంగు మాత్రం బాగుందని చెప్పి, ఒక్కొక్కరే లేచి గోడ అవతలికి వెళ్ళిపోయారు. మర్నాడు మెకానిక్ వెనక మూత విప్పి చూశాడు. "సెట్టులో లోపం లేదండి. రంగు పద్ధతి వాళ్ళదీ మనదీ ఒకటేనండి. మాట మాత్రం వాళ్ళు బొమ్మకి కాస్త ఎడంగా పంపుతారు, మనవాళ్ళు దగ్గరగా పంపుతారు. ఇది పాపం దూరాన వెతుక్కుంటోందండి." సామాను మద్రాసు నుంచి రావాలట. (నవ్వకుండా రాయవే, మనవరాలా.)

మరుసటి ఆదివారం తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. గోడ మీదుగా వస్తున్న ఆవిడ టీవీ మాట, మా హీరోయిన్ నోటికి సరిగ్గా అతికింది. టీవీని గోడవారకి జరిపేశాను. కొన్ని వారాలు హాయిగా గడిచాయి. ఓరోజు, తల్లి కూతురికి అసలు సంగతి చెప్పబోతుండగా మాట ఆగిపోయింది. నేను వింటున్నానని ఆవిడ కనిపెట్టి, మాట తగ్గించేసింది. అడిగితే నేను ఓడినట్టు. అడగలేదు. పెళ్ళి సీను దాకా పంతంగా మూగబొమ్మనే చూశాను.

అప్పుడు గోడ అవతలి నుంచి వినబడింది.

"ఏమే, ఆ పెళ్ళికూతురి చీర ఏం రంగే?"

"మాట పెంచక్కా, చెబుతాను."

పెంచింది. వంకాయరంగు, ఆకుపచ్చ అంచు అని చెప్పాను. పై వారానికి ఆవిడ తన టీవీని దుప్పట్లో చుట్టుకుని మా ఇంటికే తెచ్చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి, రంగు ఒకదాంట్లో చూస్తూ మాట రెండోదాంట్లో వినేవాళ్ళం. (మా ఆయన పోయేదాకా ఈ సంగతి అందరికీ చెప్పి నవ్వేవారు.) మెకానిక్ సామాను పట్టుకొస్తే, మాకు మాట వస్తోందండి, అక్కర్లేదన్నాను. అతను మా ఇద్దర్నీ ఒకసారి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఫోన్లో రంగూ మాటా కలిసే వస్తున్నాయి. తోటికోడలు పోయి చాలాకాలమైంది. అయినా సినిమాలో ఎవరైనా చీర మార్చుకొస్తే, "పసుపుపచ్చ" అని పైకే అనేస్తాను.