పదకొండు ముఖాలు

ఆ మూడు వీధుల్లో అందరూ ఆమెను జాబితా టీచరమ్మ అనేవారు. బడిలో మూడో తరగతికి లెక్కలు చెప్పడం ఆమె ఉద్యోగం. ఓటర్ల జాబితా చూసే పని కూడా నెత్తిన పడి ఇరవై రెండేళ్లయింది. ఆదివారం వస్తే అట్ట చిరిగిన రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. పోయినవాళ్ల పేరు మీద ఎర్ర సిరా గీత, ఇల్లు మారినవాళ్లకు పెన్సిల్ గుర్తు. "మా ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో నాకన్నా మీకే బాగా తెలుసు" అని ఒకావిడ వేళాకోళమాడితే, "ఉన్నాడు, వెనకాల సిగరెట్టు కాలుస్తున్నాడు" అంది, నవ్వకుండానే.

భర్త గుండెపోటుతో పోయాక ఆమెకు మిగిలింది ఆడపడుచు చిట్టి ఒక్కతే. రెండు గదుల ఇల్లు, ఇద్దరు ఆడవాళ్లు. చిట్టి వీధి చివర రంగుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. మూడేళ్ల కిందట గోదాములో డబ్బాలు అంటుకుని పేలాయి. నలుగురు పోయారు. పదకొండు మంది కాలిన ముఖాలతో బతికి బయటపడ్డారు. వాళ్లలో చిట్టి ఒకతె. ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు గడప దాటలేదు. వదిన తెచ్చిన పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చునేది. మార్కులు వేయడంలో వదినకన్నా పిసినారి.

ఆ ఏడు దేశమంతటా కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి ఓటరు ముఖాన్నీ ముందే నమోదు చేస్తారు. పోలింగ్ రోజున మిషన్ ఆ ముఖాన్ని పోల్చి చూసుకున్నాకే ఓటు వేయనిస్తారు. టీచరమ్మకు ఇది నిజంగా నచ్చింది. తను ఎర్ర గీత గీసిన మనుషుల పేరుతో ఎవరెవరో వచ్చి ఓటేసి పోవడం ఆమె కళ్లారా చూసింది. చేతికి ట్యాబ్ ఇచ్చిన రోజున దానికి తనే ఒక సంచి కుట్టుకుంది.

రెండు నెలల్లో మూడు వీధులూ పూర్తయ్యాయి, ఆ పదకొండు మంది తప్ప. వాళ్ల ముందు ట్యాబ్ పెడితే తెర మీద గుండ్రటి గీత ఎర్రగానే ఉండిపోయేది. లోపలి నుంచి ఒక తియ్యటి ఆడగొంతు, "ముఖం కనబడలేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అనేది.

చిట్టిని వంటింటి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టింది. మూడుసార్లు అదే మాట.

"నా మొహం గుర్తుపట్టడానికి నాకే ఆర్నెల్లు పట్టింది వదినా. పాపం, దానికి ఒక్క నిమిషం ఇస్తే ఎలా?" అంది చిట్టి.

మూడు ప్రయత్నాల తర్వాత తెర మీద మూడే మాటలు వచ్చేవి: మరణించారు, ఊరు మారారు, నిరాకరించారు. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు కదలదు. నిరాకరించారని నొక్కితే వాళ్ల సంతకం అడుగుతుంది. టీచరమ్మ సూపర్వైజరుకు ఫోన్ చేసింది.

"టీచరుగారూ, రేపటితో గడువైపోతుంది. మీ పదకొండు మంది వల్ల నా డివిజన్ మొత్తం పైవాళ్లకి ఎర్రగా కనబడుతోంది" అన్నాడాయన. "ప్రస్తుతానికి ఊరు మారారని కొట్టేయండి. తర్వాత సరిచేసుకోవడానికి అవకాశం ఇస్తారు."

"అది అబద్ధం కదా సార్."

"పది రోజుల అబద్ధం. నేను చూసుకుంటాలెండి."

ఆ సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని పదకొండుసార్లు నొక్కింది. చిట్టిది అందరికన్నా చివర. వంటింట్లోంచి చిట్టి, "అయిందా వదినా?" అని కేకేసింది.

"అయింది. ఫొటో దొరికింది" అంది.

సరిచేసే అవకాశం నాలుగు రోజులే ఇచ్చారు. మొదటిరోజే పదకొండూ పంపింది. "పరిశీలనలో ఉంది" అన్న మాట అలాగే ఉండిపోయింది. సూపర్వైజరు ఫోనెత్తడం మానేశాడు. అప్పుడైనా ఇంట్లో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చిట్టి ఎలాగూ బయటికి రాదు కదా అని లోలోపల అనుకుంది. తనలో తనకే మింగుడుపడనిది ఆ అనుకోవడమేనని చాలాకాలం తర్వాత ఒప్పుకుంది.

పోలింగ్ రోజు టీచరమ్మకు బడి గేటు పక్కన బల్ల వేశారు. పది గంటలకు చిట్టి వచ్చింది. ముఖానికి గుడ్డ లేదు. కప్పుకుని వస్తే మిషన్ ఒప్పుకోదని రేడియోలో విందట. పేలుడుతో మూతపడ్డ కంపెనీని మళ్లీ తెరవనివ్వనని ఒక అభ్యర్థి మాటిచ్చాడు, అతనికి వేయాలని వచ్చింది. వరసలో ముందున్న మనిషి వెనక్కి తిరిగి చూసి, గబుక్కున ముందుకు తిరిగాడు. తల్లి చంకలో పిల్ల ఏడుపు అందుకుంది. చిట్టి నలభై నిమిషాలు అలాగే నిలబడింది.

లోపల అధికారి తెర చూసి, "మీరు ఊరు మారినట్టుందమ్మా" అన్నాడు.

"మూడేళ్లయి గుమ్మం దాటలేదు. ఊరెప్పుడు మారాను?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. "నమోదు చేసినావిడ గేటు దగ్గరే ఉన్నారు, అడగండి" అన్నాడు అధికారి.

చిట్టి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నువ్వేనా వదినా?"

"నేనే."

"నాదొక్కటేనా?"

"పదకొండు మందివీ."

"ఆ ముక్క నాకు చెప్పుంటే, ఇంతమంది మధ్యకి ఈ మొహం వేసుకుని వచ్చేదాన్ని కాదుగా" అంది. అని చిట్టి ఇంటివైపు నడిచింది. టీచరమ్మ డ్యూటీ వదిలి వెనకే వెళ్లలేకపోయింది. మధ్యాహ్నంలోగా మిగతావాళ్లలో ఆరుగురు వచ్చి వెనక్కి వెళ్లారు. ఆరుగురికీ ఆమె లేచి నిలబడి, తప్పు తనదేనని చెప్పింది.

మర్నాడు తెల్లకాగితం మీద పదకొండు పేర్లూ రాసి, తెలిసే అబద్ధం నమోదు చేశానని, ఎవరు చెప్తే చేసిందీ రాసి, పై ఆఫీసులో ఇచ్చింది. సూపర్వైజరు తానెప్పుడూ అలా అనలేదన్నాడు. ఆమెను సస్పెండ్ చేశారు. కంపెనీ తెరిపిస్తానన్న అవతలి అభ్యర్థి వేల ఓట్ల తేడాతో గెలిచాడు. "మీ పదకొండు ఓట్లతో ఏమయ్యేదిలే" అని బడిలో వాళ్లు ఓదార్చబోయారు. ఆ మాటకు ఆమె ముఖం తిప్పుకునేది.

విచారణకు చిట్టిని సాక్షిగా పిలిచారు. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు.

"మీ వదిన అబద్ధం రాసిందా?"

"రాసింది."

"ఆమె మీద మీకు కోపముందా?"

"అది కూడా మిషన్లోకి ఎక్కిస్తారా సార్?" అంది చిట్టి.

ఏడు నెలలకు టీచరమ్మను బడిలోకి మళ్లీ తీసుకున్నారు, జాబితా పని మాత్రం ఇవ్వలేదు. ట్యాబ్‌లో నాలుగో మాట ఒకటి చేర్చారు: ముఖం నమోదు సాధ్యం కాదు. కొత్తగా వచ్చిన గుమాస్తా పాత ఓటరు కార్డులు చూసి, సంతకాలు తీసుకుని ఎనిమిది పేర్లు తిరిగి ఎక్కించాడు. ఇద్దరు అప్పటికే పోయారు. చిట్టి సంతకం కోసం ఒక ఫారం ఇచ్చి వెళ్లాడు.

వదిన దాన్ని పొయ్యి పక్కన బల్ల మీద పెట్టి, పైన పెన్ను పెట్టింది. చిట్టి ఆ బల్ల మీదే కూరలు తరిగింది, పేపర్లు దిద్దింది, ఫారాన్ని పక్కకు జరిపి తుడిచింది. ఇద్దరూ దాని ఊసెత్తలేదు. పదిహేను రోజులకు గడువు దాటిపోయింది.