హీటర్‌లో దొరికిన పంచె ముక్క

ఒక పాత పంచె ముక్క ఎంత బరువుంటుంది? చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దాన్ని నేను చదువుకునే రోజుల నుంచి మోస్తున్నాను. పెళ్లయింది. పిల్లలు పెరిగి నాకే ఇంగ్లీషులో బుద్ధులు చెప్పే వయసుకొచ్చారు. జుట్టుకు రంగేసుకోవడం మొదలుపెట్టి, విసుగొచ్చి మానేశాను కూడా. ఆ ముక్క మాత్రం దిగలేదు. నా పేరు మీకు చెప్పను. చెబితే, నన్నెరిగిన వాళ్లయితే మీరసలు నమ్మరు. ఎవరితోనైనా తగువు పెట్టుకుని తేల్చుకునే మనిషిని. అలాంటిదాన్ని, నోరు తెరిచి తీరాల్సిన రోజున మూసుకున్నాను.

మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్లే రోజుల్లో వెర్రిబీ అనే శివారులో ఒక తెలుగు ఆంటీ ఇంట్లో అద్దెకుండేదాన్ని. పక్క గదిలో ఎస్తేర్. తెనాలి పిల్ల. అక్కడ బీటెక్ చదివి, ఇక్కడికొచ్చి హీటర్లూ ఏసీలూ బాగుచేసే కోర్సులో చేరి, ఒక చిన్న కంపెనీలో పని నేర్చుకుంటూ ఉండేది.

"బీటెక్ చదివి స్క్రూడ్రైవర్ పట్టుకుంటావుటే?" అనేదాన్ని.

"నువ్వు చదివి చదివి ఊళ్లోవాళ్ల బిల్లులు అతికించవా లాయరమ్మా? ఇదీ అంతే," అనేది.

నేను చదివేది అకౌంటింగ్. లాయరమ్మ అన్న పేరు నా నోటిని చూసి పెట్టింది. మాటకు మాట అప్పజెప్పే మనిషి దొరికితే నాకు ప్రాణం లేచొస్తుంది. పైకి ఒప్పుకోలేదు గానీ ఆ ఇంట్లో నేను మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఇంటికి గ్యాస్ హీటర్ ఉండేది. దాని పెట్టె బయట, ఇంటి పక్క సందులో. అందులోని మోటారు ఫ్యానును తిప్పితే వేడిగాలి నేల కింది గొట్టాల్లోంచి గదుల్లోకి వచ్చేది. చల్లబడ్డ గాలిని నడవ నేలలోని ఒక పెద్ద గ్రిల్ మళ్లీ లోపలికి లాక్కునేది. చలికాలం ముందు ఆ పెట్టె విప్పి, ఫ్యాను శుభ్రం చేసి మూసే పనిని బాస్ ఎస్తేర్‌కు అప్పజెప్పాడు. పక్కన ఎవరూ లేకుండా ఆమె చేసిన మొదటి పని అది. తుడవడానికి ఆంటీ తన భర్త పాత పంచె చింపి ఇచ్చింది. మిగిలిన పెద్ద ముక్క నేను తెచ్చుకున్నాను. వడియాలకు.

నవ్వకండి. మెల్‌బోర్న్ చలికాలంలో ఎండ పేరుకే. పప్పూ అన్నంలో వడియం నంజుకోవాలన్న కోరిక మాత్రం ఎండ కోసం ఆగదు కదా. నడవలో గాలి పగలంతా ఆడుతూనే ఉంటుంది, వెడల్పాటి చోటు. గ్రిల్ ఎత్తాను. దాని కింద దుమ్ము పట్టిన ఫిల్టర్ గాలికి అడ్డమనిపించి, అదీ తీసి తలుపు వెనక పెట్టాను. ఓవెన్‌లోని ఇనుప చట్రం ఆ గుంత మీద పరిచి, దాని మీద పంచె ముక్క, దాని మీద వడియాలు. ఎంత బాగా ఎండాయో చెప్పలేను. నా తెలివికి నేనే మురిసిపోయాను. వడియాలు వొలుచుకుని, ఖాళీ గుడ్డనూ చట్రాన్నీ అలాగే వదిలి క్లాసుకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గుడ్డ లేదు, చట్రం సందుల్లోంచి గాలి లోపలికి లాగేసుకుంది. సందులోంచి ఏదో మూలుగు. హీటర్ ఆపి చెప్పాలా? చెప్పాలి. నేనేం చేశాను? ఫిల్టర్ పెట్టాను. గ్రిల్ మూశాను. వడియాల డబ్బా మూత బిగించాను. మూలుగు నాలుగు రోజుల్లో తగ్గింది. తగ్గడమేమిటి, ఆ వారాంతానికి మోటారే కాలిపోయింది.

బాస్ కొత్త మోటారు తెచ్చాడు. గ్యాసూ కరెంటూ తనే ఆపి, చేతులు కట్టుకుని నిలబడి, "నువ్వే మార్చు," అన్నాడు ఎస్తేర్‌తో. ఆంటీ, నేను స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని సందులో నిలబడ్డాం. ఆ మధ్యాహ్నం ఎస్తేర్ చేతులు పనిచేసిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. పీకబోయే ఒక్కొక్క వైరు రంగునూ తెలుగు అక్షరాల్లో అరచేతి మీద రాసుకుంది. ఫ్యానును అలమార అర లాగినట్టు మెల్లగా బయటికి లాగింది. తుప్పుపట్టిన మర ఒకటి రానంటే, దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. నూనె చుక్క వేసి, బుజ్జగిస్తున్నట్టు అటూ ఇటూ కదిపి, కాస్త ఆగి, మళ్లీ తిప్పింది. మనుషుల విషయంలో నాకు లేని ఓపిక అది. ఇనుము విషయంలో ఆమెకుంది.

ఫ్యాను రెక్కల మధ్య నుంచి నల్లబడ్డ పీలికలు బయటికొచ్చాయి. ఒక అంచున పంచె జరీ గీత.

"ఇది నీదేనా?" అన్నాడు బాస్.

ఎస్తేర్ ఒక్క క్షణం చూసింది. ఒక్క క్షణమే. "నాదే. మూసేటప్పుడు చూసుకోలేదు. నా తప్పు," అంది ఇంగ్లీషులో, గొంతు దించకుండా.

"సరిగ్గా ఆలోచించుకోవే పిల్లా," అంది ఆంటీ.

"ఆలోచించేదేముంది ఆంటీ? పంచె అంకుల్‌ది, తుడిచింది నేను. మరి దెయ్యమొచ్చి పెట్టి పోయిందా?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అది నీది కాదేమోనే..." అన్నాను.

ఎస్తేర్ నావైపు తిరిగి నవ్వింది. "ఊరుకో లాయరమ్మా. ఓడిపోయే కేసు వాదించకు."

ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నాను? ఆంటీ ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనా? ఆవిడ అలాంటిది కాదు. స్క్రూడ్రైవర్ అంటూ వెక్కిరించిన నేను, వడియాల కోసం మోటారు కాల్చానని ఎస్తేర్‌కు తెలియడం ఇష్టంలేక. అది మొదటి కారణం. రెండోది ఇంకా సిగ్గుచేటు. చెయ్యని తప్పును ఆమె అంత నిటారుగా నిలబడి నెత్తిన వేసుకున్నాక, చేసిన తప్పును నేను వెనకగా నసుగుతూ ఒప్పుకుంటే ఎంత పొట్టిగా కనబడతాను? ఆమెను మెచ్చుకోవడమే నాకు అడ్డొచ్చిందంటే నమ్ముతారా? నేనైతే ఇలాంటి వాదన ఇంకొకరు చేస్తే చీల్చి చెండాడేదాన్ని.

ఎస్తేర్ కొత్త మోటారు బిగించి, ఫ్యానును వేలితో తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చెవి పెట్టి విన్నది. బాస్ తనూ అంతా చూసుకుని గ్యాస్ వదిలాడు. ఇల్లు వెచ్చబడింది. కానీ ఆ రోజు నుంచి ఆమెను ఒంటరిగా ఏ పెట్టే ముట్టనివ్వలేదు. గొట్టాలు మోయించాడు. కోర్సు పూర్తి కావడానికి కావలసిన అతని సంతకం ఏడాది వెనక్కి పోయింది. వీసా గడువు దగ్గరపడుతుంటే గోడ అవతల ఆమె ప్రార్థన వినబడేది. అందులో మర్చిపోయే గుణం తీసెయ్యమని ప్రభువును అడిగేది. లేని గుణం. నేను దిండు చెవికి అదుముకునేదాన్ని.

ఇప్పుడు ఎస్తేర్‌కు సొంత కంపెనీ ఉంది. ఈ చుట్టుపక్కల సగం తెలుగిళ్ల హీటర్లు ఆమె చేతి మీదే బతుకుతున్నాయి. పోయిన చలికాలం మా ఇంటి మోటారు పోతే తనే వచ్చింది. పెట్టె విప్పక ముందు తన గుడ్డల్ని గడ్డి మీద వరసగా పరిచింది. పైకి లెక్కపెట్టింది. మూసే ముందు మళ్లీ లెక్కపెట్టింది.

"ఏంటే ఆ చాదస్తం?" అన్నాను, తెలిసే.

"నా దగ్గర పనిచేసే పిల్లలందరికీ మొదటి పాఠం ఇదేనే. ఆంటీ ఇంట్లో నేర్చుకున్నాగా. నువ్వూ ఉన్నావు, గుర్తులేదూ?"

గుర్తుంది. భోజనంలో పప్పు పెట్టాను. వడియాలు వేయించాను. ఎన్ని వేశావో అన్నీ నాకే అంటూ తింది. అప్పుడైనా అనొచ్చు. నీ పాఠానికి మొదలే అబద్ధమని, నువ్వెన్నడూ ఏ గుడ్డా మర్చిపోలేదని. మజ్జిగ పోస్తూ, కారు పార్కింగ్ గురించి ఇక్కడి మున్సిపల్ కౌన్సిల్‌తో నేను పెట్టుకున్న తగువు చెప్పి నవ్వించాను.

రేపు ఇది ఆమెకు చదివి వినిపిస్తానని మీకు మాటివ్వను. మాటలివ్వడం నాకు తేలిక. మీరు క్షమించాలనీ అడగను, ఆ గొట్టాలు మోసింది మీరు కాదు. ఆ సందులో నిలబడి అనాల్సింది రెండే రెండు మాటలు. అవి ఇంతకాలానికి ఒకచోట పెడుతున్నాను.

గుడ్డ నాది.